తామర: గుర్తింపు, చికిత్స, జాగ్రత్తలు

పాఠం ఉద్దేశం

చర్మంపై శిలీంధ్రాల వలన కలిగే వ్యాధులలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది తామర. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. కాని రాత్రుల నిద్రను, పగటి పనిని, ఇంటిలోని సఖ్యతను ఇది చెడగొట్టగలదు. పుట్టిన ఊరిని విడిచి మొరప్పూర్ పరిసరాలకు పని కొరకు వచ్చి, ఒకే గదిలో నలుగురైదుగురు కలిసి ఉండే తెలుగువారికి ఈ వ్యాధి మరింత సులభంగా సోకుతుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట వస్తుంది కనుక చాలామంది వైద్యుని వద్దకు పోక, మందుల దుకాణంలో ఏదో ఒక పూతమందు కొని గుట్టుగా రాసుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ పాఠం చదివిన తరువాత పాఠకులు మూడు విషయాలు తెలిసికొనగలరు. ఒకటి, చర్మంపై వచ్చిన మచ్చ తామర కావచ్చునా, కాదా అని ప్రాథమికంగా పోల్చుకోవడం. రెండు, పూతమందు గొట్టంపై ఉన్న పేర్లను చదివి మేలు చేసేదేదో, కీడు చేసేదేదో గుర్తించడం. మూడు, తమిళ వైద్యునికి తమ బాధను అర్థమయ్యే మాటలలో చెప్పడం.

పేరులోని చిక్కు

తెలుగులో తామర అంటే కొలనులో పూసే పువ్వు; తామర అంటే చర్మరోగం కూడ. తమిళంలో తామరై అంటే పువ్వే. వ్యాధి పేరు పడర్‌తామరై, అనగా పాకే తామర. కనుక మన మాటను ఉన్నదున్నట్లు తమిళుని ముందు పలికితే అతనికి పువ్వే తోస్తుంది. సంస్కృత వైద్య గ్రంథాలలో ఈ వ్యాధికి దద్రువు అని పేరు.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. మన వాడుకలో గజ్జి, తామర అన్న మాటలు జంటగానే వస్తాయి. దురద పెట్టే ప్రతి జబ్బునూ ఈ రెండింటిలో ఏదో ఒక పేరుతో పిలుస్తాము. నిజానికి గజ్జి చర్మంలో దూరే ఒక సూక్ష్మ కీటకం వలన వస్తుంది. తామర శిలీంధ్రం వలన, అనగా ఒక జాతి బూజు వలన వస్తుంది. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. మాటలను కలగలిపితే మందులు కూడ కలగలుస్తాయి.

వ్యాధి ఎట్లు కలుగుతుంది

చర్మపు పై పొరలోను, గోళ్ళలోను, వెంట్రుకలలోను కెరటిన్ అనే పదార్థం ఉంటుంది. తామర శిలీంధ్రానికి అదే ఆహారం. ఇది వేడి, చెమట, తడి, రాపిడి ఉన్న చోట బాగా పెరుగుతుంది. ఒక చోట మొలకెత్తి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. శరీరం తన రక్షణశక్తితో దానిని నడుమ అణచివేస్తుంటే, అంచులలో అది ముందుకు సాగుతూనే ఉంటుంది. అందువలననే మచ్చ ఉంగరం ఆకారంలో ఉండి, అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ భాగం మామూలుగా కనిపిస్తుంది.

ఇది ఒకరి నుండి ఒకరికి తాకుడు వలన సోకుతుంది. తువ్వాలు, దుప్పటి, లోదుస్తులు, దువ్వెన పంచుకున్నా సోకుతుంది. పిల్లి కూనలు, కుక్క పిల్లలు, పశువుల నుండి కూడ రావచ్చును. మధుమేహం ఉన్నవారికి, బిగుతైన దుస్తులతో గంటల తరబడి చెమటలో పనిచేసేవారికి ముప్పు ఎక్కువ. రక్తం చెడినందువలన గాని, వేడి చేసినందువలన గాని తామర రాదు.

గుర్తించడం ఎట్లు

శరీరంపై: గుండ్రని మచ్చ, ఉబ్బెత్తు అంచు, అంచుపై సన్నని పొట్టు, తీవ్రమైన దురద. మచ్చ రోజురోజుకు వెడల్పవుతుంది. నడుము, పిరుదులు, రొమ్ముల కింది మడత, చంకలు దీనికి అనువైన చోట్లు.

గజ్జలలో: తొడల లోపలి వైపు వంపు తిరిగిన ఎర్రని లేదా నల్లని అంచు. చెమట పట్టినపుడు దురద హెచ్చుతుంది.

పాదాలలో: వేళ్ళ సందులలో చర్మం నాని తెల్లబడి, ఒరిసి, పగుళ్ళు తీస్తుంది. నీళ్ళలోను బురదలోను పనిచేసేవారికి, రోజంతా బూట్లు తొడిగేవారికి ఇది సామాన్యం. తమిళులు దీనిని సేట్రుప్పుణ్ అంటారు.

తలపై: ముఖ్యంగా పిల్లలలో, జుట్టు ఒక చోట పలుచబడి లేదా తెగి రాలి, పొట్టు లేస్తుంది. కొన్నిసార్లు చీముతో మెత్తని గడ్డగా ఉబ్బుతుంది.

గోళ్ళలో: గోరు మందమై, పసుపుబారి, పెళుసుగా విరుగుతుంది. నొప్పి ఉండదు కనుక చాలామంది పట్టించుకోరు. కాని చర్మంపై నయమైన తామర మరల మరల రావడానికి ఈ గోరే మూలం కావచ్చును.

నిర్ధారణకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. మచ్చ అంచు నుండి కొద్దిగా పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి, సూక్ష్మదర్శినితో చూస్తారు. శిలీంధ్రం ఉంటే సన్నని దారపు పోగుల వలె కనిపిస్తుంది. సూది గుచ్చవలసిన పని లేదు.

తామరను పోలిన ఇతర వ్యాధులు

గజ్జి: దురద రాత్రివేళ మిక్కిలి హెచ్చుతుంది. చేతివేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు చుట్టు, జననాంగాలపై చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. ఉంగరం ఆకారం ఉండదు. ఇంటిలోని వారందరికీ దాదాపు ఒకేసారి వస్తుంది. దీని మందు పెర్మెత్రిన్. ఇంటివారందరూ ఒకే రోజున వాడవలెను.

శోభి: దీనిని సిబ్బెం అని కూడ అంటారు, తమిళంలో తేమల్. ఛాతీ, వీపు, మెడపై తెల్లని లేదా గోధుమరంగు చిన్న మచ్చలు. గోటితో గీరితే పొడి వంటి పొట్టు రాలుతుంది. దురద స్వల్పం. ఇదీ శిలీంధ్రమే కాని మనందరి చర్మంపై సహజంగా ఉండే రకం. ఒకరి నుండి ఒకరికి అంటేది కాదు. మందుతో శిలీంధ్రం నశించినా, చర్మానికి అసలు రంగు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని చూసి మందు పనిచేయలేదని భావించకూడదు.

ఎగ్జిమా, సోరియాసిస్: ఇవి అంటువ్యాధులు కావు. మచ్చ అంతటా పొట్టు ఉంటుంది. నడుమ తేటపడిన ఉంగరం సాధారణంగా కనిపించదు. నాణేనికి సమానంగా గుండ్రంగా వచ్చే ఎగ్జిమా మాత్రం వైద్యుని సైతం ఒక్కోసారి తికమక పెడుతుంది. అందువలన అనుమానం ఉన్నపుడు పరీక్షే శరణ్యం.

కుష్ఠు: ఇది అన్నిటికంటె ముఖ్యంగా జ్ఞాపకం ఉంచుకోవలసినది. చర్మంపై లేత రంగు లేదా ఎర్రటి మచ్చ ఉండి, దురద లేక, ఆ చోట స్పర్శ గాని వేడి చల్లదనాల తేడా గాని తెలియకపోతే, తామర అనుకొని పూతమందు రాస్తూ కాలం గడపరాదు. దురద పెట్టే మచ్చ కంటె దురద పెట్టని, తిమ్మిరి మచ్చను ఎక్కువ అనుమానించవలెను. కుష్ఠుకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో బహుళ ఔషధ చికిత్స ఉచితం. వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలలో పూర్తి అవుతుంది. త్వరగా మొదలుపెడితే వైకల్యం రాదు. ఇది శాపమూ కాదు, వంశపారంపర్యమూ కాదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనను పార్లమెంటు 2019లో చట్ట సవరణ ద్వారా తొలగించినది.

మూడు రోజుల ఉపశమనం, మూడు నెలల వ్యాధి

ఒక ఉదాహరణ ఊహించుకుందాము. ఐదుగురు కూలీలు ఒక గదిలో ఉన్నారు. ఒకరికి గజ్జలలో దురద వచ్చింది. దుకాణంలో అడిగి ఒక పూతమందు కొన్నాడు. మూడు రోజులకు దురద పోయింది, ఎరుపు తగ్గింది. మందు మహత్తరమైనదని తోటివారికి కూడ చెప్పాడు. మానివేసిన వారానికే మచ్చ మరల లేచింది, మరల రాశాడు. ఇట్లు మూడు నెలలు గడిచేసరికి మచ్చ నడుము దాకా పాకింది, గదిలో మరి ఇద్దరికి సోకింది, తొడల లోపలి చర్మం పలుచనై, సాగిన చారలు పడినవి. ఆ చారలు ఇక ఎన్నటికీ పూర్తిగా పోవు.

ఇది ఎందువలన జరిగినది? ఆ పూతమందులో స్టెరాయిడ్ ఉన్నది. శిలీంధ్రంపై శరీరం చేసే పోరాటమే ఎరుపు, వాపు, దురదల రూపంలో మనకు కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని నిద్రపుచ్చుతుంది, శత్రువును ముట్టదు. కావలివాడు నిద్రించిన ఇంటిలో దొంగ స్వేచ్ఛగా తిరిగినట్లు, శిలీంధ్రం నిశ్శబ్దంగా వ్యాపిస్తుంది. మచ్చ తన ఉంగరపు ఆకారాన్ని కోల్పోతుంది కనుక తరువాత చూసిన వైద్యునికి కూడ గుర్తించడం కష్టమవుతుంది.

ఇది ఒక్క ఊరి సమస్య కాదు. గత దశాబ్దంలో భారతదేశమంతటా మొండి తామర ప్రబలినది. స్టెరాయిడ్ పూతమందుల దుర్వినియోగం దీనికి ఒక ముఖ్య కారణమని చర్మవైద్య నిపుణులు భావిస్తున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్దేశించినది. అదే సంవత్సరం సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ ఔషధాలలో స్టెరాయిడ్, శిలీంధ్ర నాశని, యాంటీబయాటిక్ కలిపిన పూతమందులు కొన్ని ఉన్నవి. 2020లో జపాన్ పరిశోధకులు భారత్, నేపాల్ నుండి వచ్చిన రోగులలో ఒక కొత్త రకం శిలీంధ్రాన్ని గుర్తించి, దానికి ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టినారు. ప్రధాన ఔషధమైన టెర్బినఫిన్‌కు ఇది తరచుగా లొంగదు. 2023లో ఇది అమెరికాలోని న్యూయార్క్ నగరంలో కూడ కనబడినది. మన ఇంటిలో సగంలో వదిలిన చికిత్స ప్రపంచానికి సంబంధించిన సమస్యగా మారగలదని దీనివలన తెలుస్తున్నది.

గొట్టంపై పేరు చదవడం

పూతమందు గొట్టంపై పెద్ద అక్షరాలలో ఉండేది వ్యాపార నామం, దానిని పట్టించుకోనక్కరలేదు. దాని కింద చిన్న అక్షరాలలో ఉండే ఔషధ నామాలను చదవవలెను.

శిలీంధ్రాన్ని నశింపజేసేవి: క్లోట్రిమజోల్, మైకోనజోల్, కీటోకొనజోల్, లులికొనజోల్, టెర్బినఫిన్. వీటిలో పెక్కింటి పేర్లు ‘జోల్’ అని ముగుస్తాయి.

స్టెరాయిడ్లు: క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, బెక్లోమెటసోన్, ఫ్లూసినోలోన్. వీటిలో పెక్కింటి పేర్లు ‘సోన్’, ‘లోన్’ అని ముగుస్తాయి. క్లోబెటసాల్ విషయంలో మాత్రం జాగ్రత్త వహించవలెను. ‘సాల్’ అన్న ముగింపు వినడానికి ‘జోల్’ వలె ఉంటుంది. కాని ఇది అత్యంత తీవ్రమైన స్టెరాయిడ్లలో ఒకటి.

ఒకే గొట్టంపై రెండు వర్గాల పేర్లూ కనిపిస్తే, మూడు నాలుగు మందులు కలిపి ఉంటే, వైద్యుడు స్వయంగా రాసి ఇచ్చినప్పుడు తప్ప తామరకు దానిని వాడరాదు. స్టెరాయిడ్ చెడ్డ మందు అని దీని అర్థం కాదు; ఎగ్జిమా వంటి వ్యాధులకు అది మేలైన మందే. తామరకు మాత్రం అది మందు కాదు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఆ గొట్టాన్ని వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపవలెను; దాచవలసిన పని లేదు.

సరైన చికిత్స

మచ్చలు ఒకటి రెండు మాత్రమే ఉండి, చిన్నవిగా ఉంటే పూతమందు చాలవచ్చును. దానిని ఇట్లు వాడవలెను.

1. స్నానం చేసి, చర్మాన్ని పూర్తిగా ఆరనివ్వవలెను. తడి చర్మంపై మందు రాయరాదు.

2. చూపుడువేలి కొన నుండి మొదటి గీత వరకు పట్టేంత మందు, రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది.

3. మచ్చపైనే కాక, అంచు దాటి మరి రెండు సెంటీమీటర్ల వరకు రాయవలెను. బయటి నుండి లోపలికి రాయడం మంచిది. శిలీంధ్రం కంటికి కనిపించే అంచుకు అవతల కూడ ఉంటుంది.

4. క్లోట్రిమజోల్, మైకోనజోల్ వంటివి రోజుకు రెండుసార్లు; లులికొనజోల్ రోజుకు ఒకసారి.

5. దురద తగ్గగానే మానరాదు. మచ్చ పూర్తిగా మాయమైన తరువాత ఇంకను రెండు వారాలు కొనసాగించవలెను. మొత్తం మీద నాలుగు వారాలు లేదా అంతకు మించి పట్టవచ్చును.

మచ్చలు శరీరమంతటా ఉంటే, తలపై గాని గోళ్ళలో గాని ఉంటే, మరల మరల వస్తుంటే మాత్రలు అవసరమవుతాయి. ఇట్రాకొనజోల్, టెర్బినఫిన్, పిల్లల తల తామరకు గ్రిసియోఫుల్విన్ వంటివి వైద్యుడే నిర్ణయించవలెను. గుండె బలహీనత, కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయం ముందే చెప్పవలెను. కడుపు మంటకు వాడే కొన్ని మాత్రలు ఇట్రాకొనజోల్ శరీరానికి పట్టకుండా చేస్తాయి. కనుక వాడుతున్న ఇతర మందులన్నిటినీ చెప్పవలెను. ఒకరి చీటీతో మరొకరు మాత్రలు కొని మింగరాదు.

ఇంటిలో పాటించవలసినవి

వ్యాధి ఉన్నవారందరూ ఒకేసారి చికిత్స పొందవలెను. ఒకరు మందు వాడుతూ, పక్కన పడుకునేవారు వాడకపోతే వ్యాధి ఒకరి నుండి మరొకరికి తిరుగుతూనే ఉంటుంది.

తువ్వాలు, సబ్బు, దుప్పటి, లోదుస్తులు ఎవరివి వారికే ఉండవలెను. రోగి బట్టలను వేడినీటిలో వేరుగా ఉతికి, తిరగవేసి, ఎండలో ఆరబెట్టవలెను. లోదుస్తులను ఇతరులు చూస్తారన్న సంకోచంతో చీర మాటున, గది మూలలో ఆరవేయడం మన స్త్రీలలో చాలామందికి అలవాటు. సగం ఆరిన ఆ గుడ్డే శిలీంధ్రానికి నెలవు. ఎండలో ఆరవేయడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

మొలత్రాడు, నడుముకు కట్టే నల్లదారం, చేతి తాయెత్తు చెమటను, శిలీంధ్రాన్ని పట్టి ఉంచుతాయి. చికిత్స ముగిసేవరకు తీసివేయడం ఉత్తమం. ఆచారరీత్యా తీయడానికి మనసొప్పనివారు పాతదానిని తొలగించి, నయమైన పిదప కొత్తది కట్టుకోవచ్చును.

వదులైన నూలు బట్టలు ధరించవలెను. పని నుండి రాగానే స్నానం చేసి, తొడల సందులు, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవలెను. తడి బట్టలతో గంటల తరబడి ఉండరాదు.

ఇంటి వైద్యం, పథ్యం

సీమ అవిసె ఆకును తామరకు నూరి రాయడం పూర్వపు వాడుక. దానిని మెట్ట తామర అని కూడ అంటారు. తమిళులు సీమై అగత్తి అంటారు. ఆ ఆకులో శిలీంధ్రాన్ని కొంత అణచే పదార్థాలు ఉన్నమాట నిజమే. అయితే నేటి మొండి తామరకు అది చాలదు. వెల్లుల్లి ముద్ద, కిరసనాయిలు, బ్యాటరీ నీళ్ళు, సున్నం వంటివి రాస్తే చర్మం కాలి, పుండు పడి, చీము పట్టవచ్చును. వీటిని ఎంతమాత్రమూ వాడరాదు.

వంకాయ, గోంగూర తింటే తామర పెరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పథ్యం పేరుతో ఆహారం తగ్గించుకొని నీరసపడనక్కరలేదు. మధుమేహం ఉన్నవారు మాత్రం చక్కెరను అదుపులో ఉంచుకోవలెను.

ఎప్పుడు, ఎక్కడికి పోవలెను

రెండు మూడు వారాలు సరిగా మందు రాసినా తగ్గకపోతే, ముఖం, తల, గోళ్ళు, జననాంగాలపై వస్తే, శిశువులకు వస్తే, మచ్చలో స్పర్శ లేకపోతే ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను. జ్వరం, చీము, వేగంగా పాకే ఎరుపు, నొప్పి ఉంటే ఆ రోజే పోవలెను.

మొదట సమీపంలోని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవచ్చును. అవసరమైతే అరూర్ ప్రభుత్వ ఆసుపత్రికి లేదా ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపుతారు. ఆరోగ్య సలహా కొరకు తమిళనాడులో 104 సంఖ్యకు ఫోన్ చేయవచ్చును.

వైద్యుని వద్ద పనికివచ్చే తమిళ మాటలు

అరిప్పు: దురద
పడర్‌తామరై: తామర
తేమల్: శోభి
సొఱి సిరంగు: గజ్జి
తొళునోయ్: కుష్ఠు
తొడై ఇడుక్కు: గజ్జలు
కళింబు: పూతమందు
మాత్తిరై: మాత్ర
సర్‌క్కరై నోయ్: మధుమేహం

తొడై ఇడుక్కుల అరిప్పు ఇరుక్కు: గజ్జలలో దురద ఉన్నది.
ఇంద ఇడత్తుల ఉణర్చి ఇల్లై: ఈ చోట స్పర్శ లేదు.
కడైయిల వాంగి ఇంద కళింబు పోట్టేన్: దుకాణంలో కొని ఈ పూతమందు రాశాను.
ఇదుల స్టీరాయిడ్ ఇరుక్కా?: ఇందులో స్టెరాయిడ్ ఉన్నదా?
ఎత్తనై నాళ్ పోడణుం?: ఎన్ని రోజులు రాయవలెను?
నాన్ గర్‌ప్పమా ఇరుక్కేన్: నేను గర్భవతిని.

పునశ్చరణ

1. గజ్జికి, తామరకు కారణాలలో భేదమేమి?
2. తామర మచ్చ ఉంగరం ఆకారంలో ఉండడానికి కారణమేమి?
3. దురద లేని మచ్చను ఎందుకు ఎక్కువ అనుమానించవలెను?
4. క్లోట్రిమజోల్, క్లోబెటసాల్ అన్న రెండు పేర్లలో తామరకు తగినది ఏది? ఎందుకు?
5. మచ్చ మాయమైన తరువాత మందును ఎంతకాలం కొనసాగించవలెను?

ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలిసినవారు తమ గదిలో, తమ వీధిలో చదువురాని మరొకరికి ఈ పాఠాన్ని చదివి వినిపించవలసినదిగా కోరుచున్నాము. చదవలేనివారు తమ వద్దనున్న పూతమందు గొట్టాన్ని తెచ్చి చూపితే, దానిపై ఉన్న పేరును చదివి చెప్పడం కూడ ఒక సేవయే.